విశాఖ మీదకు వచ్చిన నౌకాదళం మళ్లీ ఎందుకు రాలేదు?

విశాఖ బీచ్ రోడ్డులోని మ్యూజియంలో ఒక జపాన్ బాంబు షెల్ ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ ఊరి మీద పడినదే. నేను స్కూల్లో చదువుకున్న ఆ యుద్ధం పాఠంలో పెర్ల్ హార్బర్, స్టాలిన్‌గ్రాడ్, నార్మండీ, హిరోషిమా అన్నీ ఉన్నాయి. 1942 ఏప్రిల్ 6 మాత్రం లేదు. ఆ సోమవారం జపాన్ విమానాలు వచ్చి విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. పసిఫిక్‌లో జరిగిన మిడ్వే యుద్ధం గురించో నాగా కొండల్లో జరిగిన కొహిమా యుద్ధం గురించో చదివే తెలుగువాళ్లు ఈ తేదీని పక్కన పెట్టుకుని చదవాలని నా కోరిక. అవి ఎక్కడో ఎవరికోసమో జరిగిన పోరాటాలన్న భావన అప్పుడు పోతుంది.

1941 డిసెంబరులో యుద్ధంలోకి దిగిన జపాన్ మలయా మీదుగా దూసుకొచ్చి, 1942 ఫిబ్రవరి 15న సింగపూర్‌ను పట్టుకుంది. అక్కడ లొంగిపోయిన సుమారు 80 వేల మంది సైనికుల్లో సగం దాకా భారతీయులే. మూడు వారాలకే, మార్చి 8న, బర్మా రాజధాని రంగూన్ పోయింది. మార్చి 23న అండమాన్ పోయింది. పోర్ట్ బ్లెయిర్ జపాన్ చేతికి వచ్చాక మన తీరానికి, శత్రువుకు మధ్య నీళ్లు తప్ప ఇంకేమీ మిగల్లేదు.

రంగూన్ దగ్గర కాసేపు ఆగాలి. 1931 జనాభా లెక్కల నాటికి ఆ నగరంలో సగానికి పైగా భారతీయులే. గోదావరి జిల్లాల నుంచి, విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వెళ్లిన తెలుగు కూలీలు ఆ రేవులో సరుకు ఎత్తి దించేవాళ్లు. కాకినాడ పక్కనున్న కోరంగి పేరు మీదే అక్కడ మనవాళ్లను కోరంగీలు అనేవారు. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి. అక్కడి నుంచి మొదలైంది వలస. డబ్బు, పలుకుబడి ఉన్నవాళ్లకు ఓడల్లో చోటు దొరికింది. కూలీలు, వాళ్ల పిల్లలు అరకాన్ కొండలు దాటి చిట్టగాంగ్ వైపు, అడవుల్లోంచి మణిపూర్, అస్సాం వైపు నడిచారు. బర్మా వదిలి వచ్చిన భారతీయులు నాలుగు లక్షల పైమాటే. కలరా, మలేరియా, ఆకలితో దారిలోనే వేలమంది చనిపోయారు. రెండో ప్రపంచ యుద్ధంలో తెలుగువాళ్లకు తగిలిన పెద్ద దెబ్బ ఏదంటే నేను ఈ నడకనే చెబుతాను. విశాఖ మీద పడ్డ బాంబులు దాని తర్వాతే.

ఏప్రిల్ మొదట్లో జపాన్ నౌకాదళం రెండు భాగాలుగా ఇటు వచ్చింది. పెర్ల్ హార్బర్ మీద దాడి చేసిన అడ్మిరల్ నగుమో ఐదు విమానవాహక నౌకలతో సిలోన్ (నేటి శ్రీలంక) వైపు నడిచాడు. అకగి, హిర్యు, సోర్యు, షోకాకు, జుయికాకు వాటి పేర్లు. పేర్లు ఎందుకు చెబుతున్నానంటే ఇవే మళ్లీ కనిపిస్తాయి. ర్యుజో అనే చిన్న విమానవాహక నౌకతో, కొన్ని క్రూజర్లతో అడ్మిరల్ ఒజావా బంగాళాఖాతంలోకి వచ్చాడు. మన తీరం వెంబడి కొద్ది రోజుల్లోనే 20కి పైగా వర్తక నౌకలను ముంచేశాడు. విశాఖ, కాకినాడల మీదకు వచ్చిన విమానాలు ర్యుజో నుంచి లేచినవే.

నగుమో వస్తున్నాడని ముందుగా చూసింది కెనడా వైమానికుడు లియొనార్డ్ బిర్చాల్. ఏప్రిల్ 4న సముద్రం మీద గస్తీ తిరుగుతుండగా ఆ నౌకలు కంటపడ్డాయి. వాళ్లు తన విమానాన్ని కూల్చేలోపే కొలంబోకి కబురు పంపగలిగాడు. ఐదో తేదీ, ఈస్టర్ ఆదివారం నాడు, కొలంబో మీద దాడి జరిగింది. అదే రోజు డోర్సెట్‌షైర్, కార్న్‌వాల్ అనే రెండు బ్రిటిష్ క్రూజర్లు మునిగాయి. తొమ్మిదిన ట్రింకోమలీ మీద దాడి చేసి, హెర్మిస్ అనే విమానవాహక నౌకను ముంచారు. బ్రిటిష్ నౌకాదళం కొంత తూర్పు ఆఫ్రికా తీరానికి, కొంత బొంబాయికి తప్పుకుంది. బంగాళాఖాతానికి కాపలా లేకుండా పోయింది.

జనం ఏం చేస్తారు? విశాఖలో ఇళ్లకు తాళాలేసి పల్లెలకు వెళ్లిపోయారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం వాల్తేరు వదిలి గుంటూరుకు మారింది. మద్రాసులోనూ జపాన్ దిగుతుందన్న భయంతో ప్రభుత్వ కార్యాలయాలను లోపలి జిల్లాలకు తరలించారు. బర్మా బియ్యం రావడం ఆగిపోయి ధరలు పెరిగాయి. 1943 బెంగాల్ కరువుకు ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి.

ఇంత టెన్షన్ పెట్టిన ఆ నౌకాదళం మళ్లీ ఎందుకు రాలేదు?

మొదటి కారణం టోక్యోలోనే ఉంది. సిలోన్‌ను ఆక్రమించి, పడమటి నుంచి వచ్చే జర్మనీతో హిందూ మహాసముద్రంలో చేయి కలపాలని జపాన్ నౌకాదళంలో కొందరి ఆలోచన. దానికి సైన్యం బలగాలు ఇవ్వనంది. చైనాలో యుద్ధం సాగుతోంది, మంచూరియాలో సోవియట్ సరిహద్దును కాయాలి. కాబట్టి ఏప్రిల్‌లో జరిగింది దెబ్బకొట్టి వెళ్లిపోయే దాడి మాత్రమే. తీరంలో ఉన్నవాళ్లకు ఆ సంగతి తెలిసే వీలే లేదు.

రెండో కారణం మిడ్వే. విశాఖకు సుమారు పదివేల కిలోమీటర్ల దూరంలో, పసిఫిక్ మధ్యలో ఉన్న చిన్న దీవి. మే నెలలో కోరల్ సీ యుద్ధంలో షోకాకు దెబ్బతింది, జుయికాకు విమానాలను పోగొట్టుకుంది. రెండూ మిడ్వేకి వెళ్లలేకపోయాయి. ఈలోగా హవాయిలో అమెరికా నౌకాదళ అధికారి జోసెఫ్ రోష్‌ఫోర్ట్ బృందం జపాన్ రహస్య సంకేతాలను చదువుతోంది. దాడి జరగబోయే చోటును జపాన్ వాళ్లు ‘ఏఎఫ్’ అంటున్నారు. అది మిడ్వేనా కాదా తేల్చుకోవడానికి, తమకు మంచినీళ్ల కొరత వచ్చిందని మిడ్వే నుంచి మామూలు భాషలోనే రేడియోలో చెప్పించారు. ఏఎఫ్‌లో నీళ్లు లేవని జపాన్ వాళ్లు తమలో తాము కబురు పంపుకున్నారు. గుట్టు బయటపడింది.

జూన్ 4 ఉదయం అమెరికా డైవ్ బాంబర్లు కొద్ది నిమిషాల్లోనే అకగి, కాగ, సోర్యులను తగలబెట్టాయి. ఆ సాయంత్రం హిర్యు వంతు వచ్చింది. ఆ ఉదయం నగుమో విమానాలకు టార్పెడోలు తీసి బాంబులు, మళ్లీ బాంబులు తీసి టార్పెడోలు ఎక్కించమని ఉత్తర్వులు మార్చడం ప్రసిద్ధ కథే. ఇలాంటి తడబాటే రెండు నెలల ముందు సిలోన్ దగ్గరా జరిగింది. అది చాలదన్నట్టు ఏప్రిల్ 9న తొమ్మిది బ్రిటిష్ బ్లెన్‌హైమ్ విమానాలు అకగి మీదకు వచ్చి, బాంబులు నీళ్లలో పడేదాకా ఎవరి కంటా పడలేదు. ఒక్క బాంబూ తగల్లేదు కాబట్టి జపాన్ వాళ్లు దాన్ని పట్టించుకోలేదు. నా దృష్టిలో మిడ్వే ఓటమికి హెచ్చరిక ఇక్కడే, సిలోన్ పక్క సముద్రంలోనే వచ్చింది.

కొలంబో మీదకు వచ్చిన ఐదింటిలో మూడు మిడ్వేలో మునిగాయి. విశాఖ మీదకు విమానాలు పంపిన ర్యుజో ఆగస్టు 24న సోలమన్ దీవుల దగ్గర మునిగింది. ఆ తర్వాత అటువంటి దళాన్ని బంగాళాఖాతానికి పంపే స్థితి జపాన్‌కు రాలేదు. పడమటి వైపు నవంబరులో ఈజిప్టులోని ఎల్ అలమేన్ యుద్ధం, 1943 ఫిబ్రవరిలో స్టాలిన్‌గ్రాడ్ ఓటమి జర్మనీ నడకను ఆపేశాయి. హిందూ మహాసముద్రంలో చేయి కలపాలన్న మాట అంతటితో ముగిసింది.

నేల మీద ముప్పు మాత్రం 1944 దాకా తీరలేదు. ఆ మార్చిలో సుమారు 85 వేల మంది జపాన్ సైన్యం బర్మా నుంచి ఇంఫాల్, కొహిమాల మీదకు వచ్చింది. కొహిమాలో డిప్యూటీ కమిషనర్ బంగళా టెన్నిస్ కోర్టుకు అటు జపాన్ సైనికులు, ఇటు బ్రిటిష్, భారతీయ సైనికులు కందకాలు తవ్వుకుని పోరాడారు. జూన్ 22న కొహిమా, ఇంఫాల్ రోడ్డు తెరుచుకుంది. తిండి, మందులు అందక జపాన్ సైన్యం వెనక్కి నడిచింది. 1942లో మనవాళ్లు చనిపోతూ నడిచి వచ్చిన సరిహద్దు కొండల్లోంచే అదీ వెళ్లింది.

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1946లో గుంటూరు నుంచి వాల్తేరుకు తిరిగొచ్చింది. 1941 జూన్‌లో బాబూ రాజేంద్రప్రసాద్ విశాఖలో శంకుస్థాపన చేసిన సింధియా షిప్‌యార్డు పని బాంబు దాడితో వెనకబడింది. అందులో కట్టిన తొలి ఓడ ‘జల ఉష’ 1948 మార్చి 14న నెహ్రూ చేతుల మీదుగా నీళ్లలోకి దిగింది.