న్యాక్ గ్రేడు, విద్యార్థుల చదువు: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఒంగోలు సమీపంలోని ఒక డిగ్రీ కళాశాలలో గణాంకశాస్త్రం బోధిస్తూ, నాణ్యతా విభాగమైన ఐక్యూఏసీ బాధ్యతలు కూడా చూస్తున్నందున, కళాశాలల నాణ్యతను పరిశీలించి గ్రేడు ఇచ్చే జాతీయ సంస్థ న్యాక్ గురించి, చదువు గురించి సహోద్యోగులు, తల్లిదండ్రులు తరచుగా అనే కొన్ని మాటలకు ఇక్కడ సమాధానం రాస్తున్నాను.

అపోహ: భవనాలు బాగుంటే మంచి గ్రేడు వస్తుంది.

వాస్తవం: 2017లో సవరించిన విధానంలో విశ్వవిద్యాలయాలకు అనుబంధంగా ఉన్న డిగ్రీ కళాశాలలకు ఏడు ప్రమాణాల కింద మొత్తం 1000 మార్కులుండగా, వసతులకు, గ్రంథాలయానికి కలిపి 100 మాత్రమే కేటాయించారు, బోధన, అభ్యసన, మూల్యాంకనాలకు 350 ఉన్నాయి. న్యాక్ పరిశీలన బృందం వస్తోందనగానే గోడలకు రంగులు వేయించడం వల్ల ప్రధానంగా లాభపడేది పెయింట్ల దుకాణమే.

అపోహ: ఉత్తీర్ణత శాతం పెరిగితే చదువు మెరుగుపడినట్లే.

వాస్తవం: కోర్సు ముగిసేసరికి విద్యార్థి ఏం చేయగలగాలో ముందే రాసుకుని, ప్రశ్నపత్రంలోని ఒక్కో ప్రశ్న అందులో దేనిని పరీక్షిస్తోందో గుర్తించి, మార్కులను ప్రశ్నలవారీగా విడదీసి చూస్తేనే అసలు సంగతి బయటపడుతుంది. మా ఇంటర్నల్ పరీక్షలో క్రమవిచలనం (విలువలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) లెక్కించమంటే తరగతిలో చాలామంది పూర్తి మార్కులు తెచ్చుకున్నారు. రెండు పొగాకు వేలం కేంద్రాల ధరలిచ్చి, సగటు ఒకటే అయినప్పుడు ఎక్కడి ధర నిలకడగా ఉందో కారణంతో చెప్పమన్న ప్రశ్నను మాత్రం ఎక్కువమంది ఖాళీగా వదిలేశారు. పొగాకు పండించే ఇళ్ల నుంచి వచ్చినవారూ అందులో ఉన్నారు. మొత్తం మార్కులు చూస్తే దాదాపు అందరూ ఉత్తీర్ణులే. తరువాతి సెమిస్టరులో సూత్రం చెప్పకముందే ధరల పట్టికలు పంచి, జవాబును వాక్యాల్లో రాయించాము. ఖాళీలు తగ్గాయి కానీ, కారణం రాయడంలో తడబాటు ఇంకా పోలేదు.

అపోహ: ఐక్యూఏసీ అంటే ఐదేళ్లకోసారి ఫైళ్లు సర్దడం.

వాస్తవం: గ్రేడు సాధారణంగా ఐదేళ్లు చెల్లినా, వార్షిక నాణ్యతా నివేదికను ఏటా సమర్పించాలి. కాగితాల భారం ఎక్కువన్న అధ్యాపకుల ఫిర్యాదు న్యాయమైనదే. అయితే ప్రశ్నలవారీ మార్కుల పట్టికను పరీక్ష ముగిసిన వారంలోనే తయారుచేసుకుంటే, ఏడాది చివర అదే ఆధారంగా పనికివస్తుంది.

అపోహ: విద్యార్థుల అభిప్రాయం నామమాత్రమే.

వాస్తవం: సంతృప్తి సర్వే ప్రశ్నావళిని న్యాక్ నేరుగా విద్యార్థుల మెయిల్‌కే పంపుతుంది, దానికీ మార్కులున్నాయి. చిక్కల్లా, ప్రవేశాల సమయంలో నెట్ సెంటర్ వాళ్లు సృష్టించిన మెయిల్‌కు పాస్‌వర్డ్ ఏమిటో చాలామంది పిల్లలకు తెలియకపోవడమే. అందుకే మొదటి సెమిస్టరులోనే కంప్యూటర్ ల్యాబులో కూర్చోబెట్టి, ఎవరి మెయిల్‌ను వారి చేతనే తెరిపిస్తున్నాము.