లైను చివర తకరారు: విండోస్‌ది ఎంత, టెలిప్రింటర్‌ది ఎంత?

రుషికొండ ఐటీ హిల్స్ మీద ఏ టీమ్‌ను కదిపినా ఈ గొడవ చెబుతారు. విండోస్ ల్యాప్‌టాప్‌లో రాసిన షెల్ స్క్రిప్టు (వరసగా నడిచే ఆదేశాల ఫైలు) లైనక్స్ సర్వర్ ఎక్కగానే ‘బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్’ అని మొరాయిస్తుంది. తెరిచి చూస్తే ఒక్క అక్షరం తేడా కనపడదు. ఇంకోచోట ఒక లైను మారిస్తే, ఫైళ్ల మార్పుల లెక్క చూసే గిట్ ఫైలంతా మారిందంటుంది. అసలు తకరారు ప్రతి లైను చివరా కనపడకుండా ఉండే కోడ్‌ది: విండోస్ రెండు పెడుతుంది, యూనిక్స్, లైనక్స్ ఒక్కటే. అందరూ విండోస్‌నే తిడతారు. చరిత్ర చూస్తే సంప్రదాయం తప్పింది విండోస్ కాదు, యూనిక్స్.

టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయరు, హయ్యరు చేసిన పాతతరం విశాఖవాసులకు దీని మూలం బాగా తెలుసు. లైను అయ్యాక లివర్ తోస్తే రెండు పనులు జరిగేవి. రోలరు తిరిగి కాగితం ఒక లైను జరిగేది, క్యారేజి మొదటికొచ్చేది. టెలిప్రింటర్‌కు తోసే చెయ్యి లేదు, తీగ మీద వచ్చే సంకేతాలే దిక్కు. అందుకే రెండు పనులకూ రెండు కోడ్‌లు పెట్టారు. అక్షరాలకు అంకెలు కేటాయించే 1963 నాటి ఆస్కీ ప్రమాణంలో మొదటికి రావడానికి, అంటే క్యారేజ్ రిటర్న్‌కు (సీఆర్) 13, కాగితం జరగడానికి, అంటే లైన్ ఫీడ్‌కు (ఎల్ఎఫ్) 10 ఖాయమయ్యాయి.

అదే కాలపు టెలిటైప్ మోడల్ 33 సెకనుకు 10 అక్షరాలు కొట్టేది. లైను చివరి నుంచి ప్రింట్ హెడ్ వెనక్కి రావడానికి ఒక అక్షరం కొట్టే సమయం చాలదు. ముందు 13 పంపితే, అది వెనక్కి వస్తుండగానే 10 తన పని కానిచ్చేది. వరస తిరగేస్తే తర్వాతి అక్షరం దారిలోనే ఎక్కడో అచ్చయ్యేది.

1960ల్లో మల్టిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ రూపకర్తలకు ఇది నచ్చలేదు. ప్రింటర్ బాధలు ఫైలుకెందుకు? ఫైల్లో ఒక్క 10 ఉంచి, మిగతాది పరికరాన్ని నడిపే డివైస్ డ్రైవర్‌కు వదిలేశారు. 1969లో మొదలైన యూనిక్స్ దాన్నే పట్టుకుంది, లైనక్స్‌కూ అదే సంక్రమించింది. మొత్తం కథలో నాకు తెలివైన నిర్ణయంగా తోచేది ఇదొక్కటే. గ్యారీ కిల్డాల్ 1974లో రాసిన సీపీ/ఎం అనే ఆపరేటింగ్ సిస్టమ్ మాత్రం రెండు కోడ్‌లూ ఉంచింది. 1981లో ఎంఎస్-డాస్ ఆ బాటే పట్టింది, తర్వాత విండోస్. ఇంటర్నెట్ కూడా ఆ పక్షమే: మెయిళ్ల బట్వాడా నియమావళి ఎస్ఎంటీపీ ప్రకారం మెయిలు పంపేటప్పుడు లైనక్స్ సర్వరైనా ప్రతి లైనుకూ 13, 10 రెండూ పెట్టాల్సిందే. పాత మాక్‌లది మూడో దారి, 13 ఒక్కటే. 2001లో యూనిక్స్ పునాదిపై మాక్ ఓఎస్ టెన్ వచ్చాక 10కి మారాయి. ఇక విండోస్ నోట్‌ప్యాడ్‌కు 10 ఒక్కటే ఉన్న ఫైలును సరిగ్గా చూపడం 2018లో గానీ రాలేదు. ఈ ఆలస్యానికి మాత్రం ఎంత తిట్టినా తప్పులేదు.

మన స్క్రిప్టు సంగతికొస్తే, లైనక్స్ కెర్నెల్ మొదటి లైన్లో ఇంటర్‌ప్రెటర్ (స్క్రిప్టును నడిపే ప్రోగ్రామ్) పేరు చదువుతుంది. చివరి 13నూ ఆ పేరులో కలిపేసుకుని వెతుకుతుంది. అలాంటి ప్రోగ్రామ్ ఎక్కడుంటుంది? ఎర్రర్‌లో టోపీ గుర్తు పక్కన కనిపించే ‘ఎం’ అదే, ఇంగ్లీషులో 13వ అక్షరం.

ఒక్క ఫైలైతే 13లను తీసేసే ‘డాస్ టు యూనిక్స్’ టూలు చాలు. టీమ్ మొత్తానికైతే ఎవరి మెషీన్లో వాళ్లు గిట్‌లోని ‘ఆటో సీఆర్ఎల్ఎఫ్’ సెట్టింగు పెట్టుకోవడం నమ్మదగ్గది కాదు, ఒకరు మరిచినా మళ్లీ మొదటికే. టీమ్ ఫైళ్లన్నీ ఉండే రిపాజిటరీలోనే గిట్ ఆట్రిబ్యూట్స్ ఫైలు పెట్టి, షెల్ స్క్రిప్టులకు ఎల్ఎఫ్, బ్యాచ్ ఫైళ్లకు సీఆర్ఎల్ఎఫ్ అని రాసేయాలి. పాత ఫైళ్లను రీనార్మలైజ్ చేసే (ఈ నియమానికి మార్చే) కమిట్‌లో, అంటే మార్పుల నమోదులో, ఇంకే మార్పూ కలపకూడదు, కలిపితే రివ్యూ చేసేవాళ్ల ఉసురు తగులుతుంది.