ప్రాణస్నేహితుడి అరవయ్యో పుట్టినరోజు: అపోహలు - వాస్తవాలు

విశాఖలో వేడుకలు ఏర్పాటు చేయడం నా వృత్తి. అన్నిటికంటే నేను ఇష్టపడి చేసేది, అరవై నిండుతున్న మనిషికి స్నేహితులు పూనుకుని జరిపే పుట్టినరోజు. ఏర్పాట్లు మాట్లాడటానికి వచ్చినవారు ప్రతిసారీ చెప్పే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: డీజే లేనిదే సందడి ఉండదు.

వాస్తవం: సందడికి మొదటి శత్రువు ఆ పెద్ద స్పీకర్లే. ఎన్నో ఏళ్లకు కలిసినవాళ్లు చెవిలో అరుచుకోలేక అలసిపోయి, భోజనం ముగించి వెళ్లిపోతారు. పైగా 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం ఆరుబయట రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. భీమిలి దారిలోని ఒక తోటలో, ఉక్కు కర్మాగారంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒకాయనకు వేడుక చేశాం. పాటల జోరు తగ్గించి, ఒక బల్ల మీద పాత ఫొటోలు పరిచాను. రాత్రి షిఫ్టుల్లో కలిసి పనిచేసిన నలుగురు ఒక ఫొటో మీదకు వంగి, అంచున మోచేతి దాకా మాత్రమే పడిన చెయ్యి ఎవరిదని వాదనకు దిగారు. ఆయన కళ్లజోడు సవరించుకుని, "ఆ గడియారం చూడండి, మా నాన్న కొనిచ్చిన హెచ్‌ఎంటీ. అది నా చెయ్యే" అన్నారు. ఆ తర్వాత గంటన్నర పాటు ఎవరూ కుర్చీల వైపు వెళ్లలేదు. ఫొటోలు తప్పకుండా అచ్చు వేయించండి. ఫోనులో చూపిస్తే ఇలా చుట్టూ మూగరు.

అపోహ: షష్టిపూర్తి, పుట్టినరోజు ఒకే పూట కానిచ్చేయవచ్చు.

వాస్తవం: షష్టిపూర్తికి పుట్టిన మాసం, తిథి లేదా నక్షత్రం చూస్తారు. 1965 ఉగాదితో మొదలైన విశ్వావసు నామ సంవత్సరంలో పుట్టినవారికి, అరవై ఏళ్ల చక్రం తిరిగి, 2025 ఉగాదితో మళ్లీ విశ్వావసు వచ్చింది. ఇంగ్లీషు తేదీ దానితో కలవాలని లేదు. పూజ ఇంటివారిది. స్నేహితుల సాయంత్రాన్ని వేరే రోజుకు పెట్టుకోండి, ఆయనకూ ఒళ్లు అలవకుండా ఉంటుంది.

అపోహ: సముద్రం పక్కనైతే వేరే జాగ్రత్తలేమీ అక్కర్లేదు.

వాస్తవం: రుషికొండ వైపు మధ్యాహ్నం గాలికి కొవ్వొత్తి నిలవదు, ఉక్కపోతకు కేకు మీది క్రీము జారిపోతుంది. పొద్దు వాలాక మొదలుపెట్టండి, కోసే నిమిషం దాకా కేకును లోపలే ఉంచండి. జనవరి నుంచి మార్చి వరకు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మన తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఇసుక మీదకు పెద్ద దీపాలు తిప్పితే, గుడ్డులోంచి వచ్చిన పిల్లలు నీటివైపు కాక వెలుగువైపు నడుస్తాయి. నేను ఆ దీపాలు పెట్టను.

అపోహ: స్నో స్ప్రే, గ్యాస్ బెలూన్లు పిల్లల సరదా.

వాస్తవం: చాలా స్ప్రేలలో నురగను బయటికి తోసే వాయువు మండే రకం. కొవ్వొత్తి వెలుగుతుండగా చల్లితే మంట ముఖానికి, జుట్టుకు అంటుకుంటుంది. చవక బెలూన్లలో నింపేది చాలాచోట్ల హైడ్రోజనే, నిప్పు తగిలితే పేలుతుంది. దయచేసి రెండూ వద్దు.

భోజనాల సంగతి క్లుప్తంగా: మాడుగుల హల్వా, ఒక ముంత మసాలా బండి ఉంటే పెద్ద జాబితాలు అక్కర్లేదు.

అపోహ: అన్నీ దాచిపెడితేనే ఆశ్చర్యం.

వాస్తవం: ఆ వయసులో చీకటి గదిలో ఒక్కసారిగా కేకలు వేస్తే గుండె దడ పుడుతుంది. మందుల వేళ, భోజనం వేళ కూడా తప్పుతాయి. రోజు, చోటు ముందే చెప్పండి, కొత్త చొక్కా వేసుకుని రానివ్వండి. దూరం నుంచి వస్తున్న ఆ ఒక్క పాత స్నేహితుడి సంగతి మాత్రం, అతను గుమ్మంలో నిలబడేదాకా చెప్పకండి.