ముల్లు తీసే అవ్వ, నిద్ర కాని నిద్ర

దేవరకొండ దిక్కు మా ఊళ్లో, కాల్లో తుమ్మముల్లు దిగితే అవ్వ పిన్నీసు పట్టుకుని కూచునేది. "బర్రె ఈనింది గదరా, దుడ్డె నొసటన మచ్చ ఉన్నదా?" అనేది. నేను మచ్చ గుర్తు చేసుకునేలోపల ముల్లు ఆమె అరచేతిలో ఉండేది.

హిప్నాటిజం అంటే మనకు జాతర గుడారంలో మెజీషియనో, వశీకరణమో గుర్తొస్తాయి. దుడ్డె మచ్చ గుర్తుకొస్తే సంగతి ఇంకా తొందరగా తెలుస్తుంది. అసలు పేరులోనే చిక్కుంది. 1840లలో స్కాట్లాండ్ సర్జన్ జేమ్స్ బ్రెయిడ్ గ్రీకుల నిద్రదేవుడు హిప్నోస్ పేరు మీదుగా ఆ మాట వాడుకలోకి తెచ్చాడు. ఇది నిద్ర కాదని తర్వాత ఆయనే తెలుసుకుని పేరు మార్చబోయాడు గానీ, అప్పటికే అది జనం నోళ్లలో పడిపోయింది. హిప్నాసిస్‌లో ఉన్న మనిషి మేలుకునే ఉంటాడు. ధ్యాస మాత్రం ఒక్కచోట కుదురుకుని, చెప్పిన మాటను లోపలికి తీసుకుంటుంది.

1845లో బెంగాల్‌లోని హుగ్లీలో జేమ్స్ ఎస్డెయిల్ అనే డాక్టర్ ఇలాంటి పద్ధతితోనే బుడ్డ ఆపరేషన్లు చేశాడు. మత్తుమందు చేతికందని రోజులవి. మరుసటి ఏడాది ఈథర్, ఆ పైన క్లోరోఫాం రావడంతో ఆ ముచ్చట మూలకుపడింది. మందు నిమిషాల్లో పనిచేస్తుంటే, రోగి ఒంటి మీదుగా గంటలతరబడి చేతులాడించేదెవరు?

నొప్పికి రెండు ముఖాలున్నాయి: ఎంత గట్టిగా ఉందన్నది ఒకటి, ఎంత బాధపెడుతోందన్నది ఇంకొకటి. 1997లో మాంట్రియల్ పరిశోధకులు కొందరిని హిప్నాసిస్‌లో ఉంచి, వాళ్ల చేతుల్ని మంటపెట్టేంత వేడినీళ్లలో ముంచి మెదడును స్కాన్ చేశారు. నీళ్ల వేడి మార్చలేదు. బాధ తగ్గుతుందనో పెరుగుతుందనో మాటతో సూచించారంతే. దానికి తగ్గట్టు బాధకు సంబంధించిన ముందరి సింగ్యులేట్ అనే మెదడు భాగం పనితీరు మారింది. స్పర్శను గుర్తించే భాగంలో మాత్రం అంత తేడా రాలేదు.

అంటే మాట మార్చేది బాధనే, దాని వెనకున్న జబ్బును కాదు. అందుకే నల్గొండ జిల్లావాడిగా ఒకమాట చెప్పాలి. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లకు వంగిపోయిన నడుములు హిప్నాసిస్‌తో లేచి నిలబడవు. ఎముకలో చేరిన ఫ్లోరైడ్ ఎవరి మాటా వినదు. దానికి మంచినీళ్లే కావాలి.

పేగుల సంగతి వేరు. పరీక్షలన్నీ బాగానే ఉన్నా కడుపునొప్పి, ఉబ్బరం, విరేచనాల తిప్పలు వదలని జబ్బు ఐబీఎస్. 1984లో మాంచెస్టర్ డాక్టర్ పీటర్ వోర్వెల్ బృందం, ఏ మందుకూ లొంగని ఐబీఎస్ రోగులకు హిప్నోథెరపీతో మేలు జరిగిందని చూపింది. రోగి కడుపు మీద చెయ్యి పెట్టుకుని, అక్కడ వెచ్చదనం పాకుతున్నట్టు ఊహించుకుంటాడు. వారాలపాటు ఇదే సాధన.

మరి అందరికీ పనిచేస్తుందా? చెయ్యదు. ఎవరు ఎంత తొందరగా లోనవుతారో కొలవడానికి 1959లోనే స్టాన్‌ఫోర్డ్‌లో కొలమానం తయారుచేశారు. కొందరు ఇట్టే మునుగుతారు, ఎక్కువమంది నడుమ ఉంటారు, కొందరికి మాట అసలే అంటదు. మా తమ్ముడు ఆ చివరి రకం. అవ్వ దుడ్డె ఊసెత్తగానే, "మచ్చ సంగతి తర్వాత, ముందు ముల్లు తియ్యవే అవ్వా!" అని ఇల్లంతా ఎగిరిపోయేట్టు మొత్తుకునేవాడు.