మూఢంలో ఫంక్షన్ హాలు, వేసవిలో స్కీ లిఫ్టు: బైక్ పార్కుల మీద అపోహలు - వాస్తవాలు

మా మావయ్యకి విజయనగరంలో ఒక ఫంక్షన్ హాలు ఉంది. నేను కెనడాలో, బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో ఒక స్కీ రిసార్టులో, అంటే కాళ్లకి పలకలు కట్టుకుని మంచు కొండ మీంచి జారే ఆట నడిపే చోట, తొమ్మిదేళ్లు లెక్కలు చూసి వచ్చాను. ఇప్పుడు ఇక్కడ ఇంట్లోనే కూర్చుని రెండు మూడు రిసార్టులకి వేసవి బడ్జెట్లు కట్టి పంపిస్తుంటాను. అక్కడున్నన్నాళ్లూ ఆయనకి నా ఉద్యోగం అంతుపట్టలేదు. "ఏటల్లుడూ, మంచు కరిగిపోయాక ఆ కొండ మీద నీకేటి పని?" అనేవాడు ఫోన్లో. ఈమధ్య ఎవరో ఆయనకి వాట్సాప్‌లో ఒక వీడియో పంపారు. ముఖం మొత్తం కప్పే హెల్మెట్లు పెట్టుకున్న కుర్రాళ్లు సైకిళ్లతో సహా వేలాడే కుర్చీల్లో కొండెక్కి, మట్టి దిబ్బల మీంచి గాల్లోకి ఎగురుకుంటూ కిందికి వస్తారు. ఆ వేలాడే కుర్చీల వరసనే లిఫ్టు అంటారు, అలా సైకిళ్ల మీద దిగే కొండని బైక్ పార్కు అంటారు, బైక్ అంటే ఇక్కడ సైకిలే. అది చూసిన దగ్గర్నుంచీ ఆయన పాట మారింది. తాటిపూడి రిజర్వాయరు వెనకాల కొండలు ఖాళీగానే ఉన్నాయి కదా, ఒక రోప్‌వే వేసేస్తే పోలేదా అని. మొన్న మూడు లాంతర్ల దగ్గర టీ తాగుతుంటే ఆయనతో పాటు ఇంకో నలుగురు అదే మాట అన్నారు, అందులో ఒకరు బ్యాంకాయన కూడా. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసేస్తున్నాను.

అపోహ: సైకిళ్ల టికెట్లతో లిఫ్టు ఖర్చు రాబట్టుకోవచ్చు.

వాస్తవం: రాదు. ఈ వ్యాపారం మొత్తానికి ఇదే ముడి, అందుకే దీని మీద కాస్త ఎక్కువసేపు కూర్చుంటాను.

మావయ్య హాలునే తీసుకోండి. ముహూర్తాలున్న నెలల్లో ఆయన్ని పట్టుకోలేం. మూఢం వచ్చిందంటే హాలుకి తాళమే. అప్పుడు చేనేత ఎగ్జిబిషన్ వాళ్లకో, మూడు రోజుల పరుపుల సేల్ వాళ్లకో తక్కువ అద్దెకి ఇస్తాడు. ఆ డబ్బుతో కరెంటు బిల్లు, వాచ్‌మన్ జీతం వెళ్లిపోతాయి, పైన కొంత మిగులుతుంది కూడా. ఆ మిగులు చూసి, పరుపుల సేల్ కోసమే బ్యాంకులో అప్పు చేసి ఇంకో హాలు కడతావా మావయ్యా అంటే, నాకేటైనా పిచ్చా అన్నాడు.

స్కీ రిసార్టుకి వేసవి అంటే మూఢమే. కొత్తగా మంచి లిఫ్టు, అంటే స్టేషన్లో కుర్చీ తాడు నుంచి విడివడి నెమ్మదించే రకం, ఒకటి వేయాలంటే కోటి డాలర్ల దరిదాపుల్లో అవుతుంది. ఆ అప్పు తీర్చేది చలికాలంలో వచ్చే స్కీ జనం. వేసవిలో అదే లిఫ్టుకి సైకిలు కొక్కేలు తగిలించి తిప్పితే అదనంగా పడేది కరెంటు, కింద పైన నిలబడే ఆపరేటర్లు, దెబ్బలు తగిలితే పరిగెత్తే గస్తీ వాళ్లు, దారులు చూసే మట్టి పని వాళ్లు, ఇన్సూరెన్సు. వీటికి మించి వచ్చిందంతా మిగులే. అందుకే బైక్ పార్కు లాభాల్లో ఉందని ఎవరైనా అంటే నేను అడిగే మొదటి ప్రశ్న, లిఫ్టు తరుగుదల ఏ ఖాతాలో రాశారు అని. మొత్తం చలికాలం ఖాతాలో రాస్తే బైక్ పార్కు బంగారు గుడ్లు పెట్టే కోడిలా కనిపిస్తుంది, నెలల లెక్కన సమంగా పంచితే అదే కోడి పొదిగిన గుడ్లు తినేస్తున్నట్టు కనిపిస్తుంది, కొండ మాత్రం అదే కొండ, జనం అదే జనం.

ఇంకో వైపు తప్పు చేసేవాళ్లూ ఉన్నారు, వేసవిలో లిఫ్టు ఉచితం అనుకునేవాళ్లు. తాడు, కుర్చీని తాడుకి పట్టి ఉంచే గ్రిప్పులు, స్తంభాల మీది చక్రాలు, ఇవన్నీ తిరిగిన గంటల్ని బట్టి అరుగుతాయి. పైగా మెకానిక్కులు లిఫ్టుని విప్పి చూసుకునేది వేసవిలోనే. సైకిళ్ల కోసం లిఫ్టు రోజంతా తిరుగుతుంటే వాళ్లకి మిగిలేది సాయంత్రాలూ, సీజన్లకి మధ్య దొరికే నాలుగు వారాలూ. ఆ ఓవర్‌టైమ్ బైక్ పార్కు ఖాతాలో రాసిన రిసార్టుని నేను ఒక్కదాన్నే చూశాను. దీనికి ఎదురుగా లెక్కల్లో ఎక్కడా కనబడని లాభం ఒకటుంది. ఆరు నెలల పనే ఇస్తే మంచి లిఫ్టు మెకానిక్ నిలవడు. వేసవి పని కూడా ఉంటే ఊళ్లోనే ఇల్లు తీసుకుని ఉండిపోతాడు, డిసెంబరులో మళ్లీ కొత్తవాణ్ణి వెతికి పని నేర్పే బాధ తప్పుతుంది.

నమ్మకం కుదరకపోతే అమెరికాలో పెద్ద స్కీ కంపెనీ వెయిల్ రిసార్ట్స్ లెక్కలు చూడండి, షేర్ మార్కెట్లో ఉన్న కంపెనీ కాబట్టి అందరికీ అందుబాటులోనే ఉంటాయి. ప్రపంచంలో ఈ బైక్ పార్కులకి తలమానికం అనదగ్గది బ్రిటిష్ కొలంబియాలోని విస్లర్. 1999లో మొదలైన ఆ పార్కు 2016 నుంచి వీళ్ల చేతిలోనే ఉంది. అయినా ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఉండే మూడు నెలల లెక్కలో ఏటా నష్టమే చూపిస్తారు. 2023లోనూ 2024లోనూ ఆ మూడు నెలల నష్టం 17 కోట్ల డాలర్లు దాటింది, ఆస్ట్రేలియాలో వాళ్ల స్కీ రిసార్టులు ఆ నెలల్లో ఇంకా నడుస్తున్నా సరే. ఇది సైకిళ్ల వల్ల వచ్చిన నష్టమని నేను అనడం లేదు. సీజన్ పాసులు ముందే అమ్ముతారు గానీ ఆ ఆదాయం మంచు పడ్డాకే లెక్కలోకి వస్తుంది, జీతాలూ వడ్డీలూ మాత్రం మంచు కోసం ఆగవు. అంత పెద్ద సంస్థకి కూడా వేసవి జనం ఈ ఖర్చు పూడ్చలేకపోతున్నారు, నేను చెప్పేది అంతవరకే.

అపోహ: గాల్లో పల్టీలు కొట్టే కుర్రాళ్లే డబ్బు తెచ్చేది.

వాస్తవం: వాళ్లు వీడియోలు తెస్తారు. ఆ కుర్రాడి దగ్గర సొంత బైకు, సొంత హెల్మెట్టు, మేలో తగ్గింపు ధరకి కొన్న సీజన్ పాసు, ఇంట్లో కట్టుకొచ్చిన శాండ్‌విచ్ ఉంటాయి. రోజుకి పదిహేను సార్లు లిఫ్టెక్కుతాడు, మన గల్లాలో పైసా వేయడు. అదే మొదటిసారి వచ్చిన నలుగురు సభ్యుల కుటుంబం అయితే టికెట్లు, అద్దె బైకులు, మోకాలి తొడుగులు, ఒక పాఠం, మధ్యాహ్నం భోజనం అన్నీ మన దగ్గరే కొంటుంది. చాలా చోట్ల బైకూ తొడుగులూ కలిపి అద్దె, టికెట్టు కన్నా ఎక్కువే. అందుకే తెలిసినవాళ్లు ముందు పచ్చ గుర్తు దారి తవ్విస్తారు, అంటే వెడల్పుగా, వాలు తక్కువగా, మెలికలు తిరుగుతూ పోయే తేలిక దారి. వినడానికి తిరకాసుగా ఉంటుంది గానీ తవ్వకంలో ఖరీదైనది అదే. కష్టమైన దారి రాళ్లూ వేర్లూ మధ్య నిటారుగా దిగిపోతుంది. తేలిక దారి అదే ఎత్తు దిగడానికి రెండు మూడింతలు పొడవు తిరగాలి, పొక్లెయిన్ పెట్టి మట్టి కోసి వెడల్పు చేయాలి. ఆ డబ్బు మిగుల్చుకుందామని కష్టమైన దారులతో మొదలుపెట్టిన చోట మొదటి ఏడాది వచ్చిన కొత్తవాళ్లు కట్లు కట్టించుకుని వెళ్లారు, రెండో ఏడాది వాళ్ల చుట్టాలు కూడా రాలేదు.

అద్దె బైకుల దగ్గర నేను తిన్న దెబ్బ కూడా చెప్పేస్తాను, దాచుకోవడానికేముంది. నా మొదటి బడ్జెట్టులో ఒక అద్దె బైకు మూడు సీజన్లు పనిచేస్తుందని వేశాను, కారు లెక్కన. మా వర్క్‌షాప్ మేనేజరు ఆ కాగితం చూసి గట్టిగా నవ్వి గోడకి అంటించాడు. కొండ దిగే బైకుకి ఒక్క వేసవి అంటే మామూలు సైకిలుకి ఒక జీవితం. బ్రేకు ప్యాడ్లు రోజుల్లో అయిపోతాయి, చక్రాలు వంకర్లు పోతాయి, సెప్టెంబరు చివర మొత్తం బైకుల్ని సెకండ్ హ్యాండ్‌లో అమ్మేసి వచ్చే ఏడు కొత్తవి కొనడమే చాలా చోట్ల పద్ధతి. ఆ అమ్మకం ధరలో నూటికి పది తేడా వచ్చినా అద్దె విభాగం ఏడాది లాభం తారుమారవుతుంది. ఆ కాగితం నేను వచ్చేసేదాకా గోడ మీదే ఉంది.

పోటీలు పెడితే పార్కు బాగుపడుతుందనే మాట కూడా ఇందులోదే. విస్లర్‌లో 2004 నుంచి క్రాంక్‌వర్క్స్ అనే పెద్ద సైకిల్ పండగ జరుగుతోంది. మన పైడితల్లమ్మ సిరిమానోత్సవం రోజున విజయనగరంలో ఎవరికి బేరం? లాడ్జిలకి, టిఫిన్ బళ్లకి, ఆటోలకి. అక్కడా అంతే, మంచాలు ఎవరివైతే డబ్బు వాళ్లది. హోటళ్లు కూడా రిసార్టువే అయితే బైక్ పార్కు నష్టంలో నడిచినా ఫరవాలేదు, లిఫ్టు మాత్రమే తమదైతే ఊరందరి కోసం తాము మేళం పెట్టించినట్టు అవుతుంది.

అపోహ: దారి ఒకసారి తవ్వితే ఇక ఖర్చు లేదు.

వాస్తవం: ఊళ్లో కొత్త తారు రోడ్డు వేసినప్పుడు కూడా ఇలాగే అనుకుంటాం కదా. ప్రతి మలుపు ముందూ వందల మంది ఒకే చోట బ్రేకు వేస్తారు, అక్కడ నేల రంపపు పళ్లలా లేచిపోతుంది. ఎండ కాస్తే మట్టి పిండైపోతుంది, వాన పడితే కాలువ కడుతుంది. రోజూ పొద్దున్నే పారలూ దంతెలూ పట్టుకుని ఒక జట్టు దారులు సర్దాల్సిందే, ఎండలు ముదిరితే నీళ్లు కూడా చల్లాలి. తవ్వే ఖర్చు బ్యాంకుకి ఇచ్చే కాగితంలో పెద్ద అంకెగా కనిపిస్తుంది, ఈ పారల జీతం ఏటా కొద్దికొద్దిగా దాన్ని దాటిపోతుంది.

అపోహ: వేసవి వ్యాపారానికి వాతావరణం గొడవ ఉండదు, మంచు తగ్గిపోయే కాలంలో ఇదే దిక్కు.

వాస్తవం: ఉరుము వినబడితే లిఫ్టు ఆగుతుంది. వరసగా మూడు శనివారాలు వాన పడితే ఆ నెల పోయినట్టే, ఎందుకంటే జనం వచ్చేదే శని ఆదివారాలు. అసలు భయం పొగ. 2021 జూన్ 29న బ్రిటిష్ కొలంబియాలోని లిట్టన్ అనే ఊళ్లో 49.6 డిగ్రీలు నమోదైంది, రెంటచింతల కూడా ముక్కున వేలేసుకునే ఎండ. మర్నాడే ఆ ఊరు మంటల్లో కాలిపోయింది. అలాంటి వేసవుల్లో కొండ మీద మంట లేకపోయినా ఎక్కడిదో పొగ వచ్చి లోయంతా కమ్ముకుంటుంది, బుకింగులు రద్దవుతాయి. మంచు తగ్గితే యంత్రాలతో మంచు తయారు చేసి చల్లుకుంటారు, పొగకి అలాంటి యంత్రం లేదు. న్యూజిలాండ్‌లో క్రైస్ట్‌చర్చ్ అడ్వెంచర్ పార్క్ 2016 డిసెంబరులో తెరిచారు, స్కీయింగు లేకుండా సైకిళ్లనీ సరదా ప్రయాణికులనీ నమ్ముకుని కొత్త చెయిర్‌లిఫ్టు వేసి. రెండు నెలలు తిరక్కుండా 2017 ఫిబ్రవరిలో పోర్ట్ హిల్స్ కార్చిచ్చు దాని మీదికి వచ్చింది. మళ్లీ తెరిచేసరికి డిసెంబరు. తిత్లీ తుపానులో ఉద్దానం కొబ్బరి తోటలు పోగొట్టుకున్న శ్రీకాకుళం వాళ్లకి ఇది వివరించి చెప్పక్కర్లేదు.

అపోహ: వేసవిలో రిసార్టుకి ముఖ్య ఆదాయం సైకిళ్లే.

వాస్తవం: చాలా చోట్ల కాదు. చెప్పులేసుకుని లిఫ్టెక్కి, పైన ఫోటో దిగి, కాఫీ తాగి, అదే లిఫ్టులో దిగిపోయే పెద్దమనిషి కన్నా మంచి కస్టమరు ఇంకొకరు లేరు. దారి అరగదీయడు, చెయ్యి విరగ్గొట్టుకోడు. మన గుల్మార్గ్ గొండోలాకి వేసవిలో క్యూలు కట్టేది ఆయనే, కైలాసగిరి రోప్‌వే ఎక్కేదీ ఆయనే. తర్వాత పట్టాల మీద జారే కోస్టర్లు, ఆ తర్వాత కొండ మీద పెళ్లిళ్లు. పెళ్లిళ్ల మాట చెప్పినప్పుడు మాత్రం మావయ్య కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. పైగా సైకిళ్ల వల్ల లిఫ్టు బలం కూడా తగ్గుతుంది. చలికాలంలో గంటకి 2,400 మందిని మోసే నాలుగు సీట్ల లిఫ్టులో ఒక కుర్చీకి మనుషులు, దాని వెనక కుర్చీకి సైకిళ్లు అనే పద్ధతి పెడితే అక్కడే సగం పోయింది, ఎక్కించే చోట వేగం తగ్గిస్తే ఇంకొంత.

అపోహ: అమెరికాలో అయితే అనుమతులు చిటికెలో వస్తాయి, ఇక్కడే బాధ.

వాస్తవం: అక్కడ చాలా స్కీ కొండలు ప్రభుత్వ అటవీ భూమిలో ఉన్నాయి. 1986 నాటి చట్టం స్కీయింగు కోసమే పర్మిట్లు ఇచ్చింది. వేసవి ఆటలకి స్పష్టంగా దారి తెరిచింది 2011లో చేసిన సవరణ. మనకి అటవీ చట్టం ఉంది, ఏజెన్సీ గ్రామాల్లో గిరిజనుల భూమి ఇతరుల చేతికి పోకుండా చూసే 1/70 చట్టం ఉంది, అది ఉండాల్సిందే. వీటి సంగతి తేలకుండా రోప్‌వే కంపెనీతో కొటేషన్ తెప్పించుకోవడం పెళ్లికూతుర్ని చూడకుండా శుభలేఖలు కొట్టించడం.

అపోహ: లిఫ్టు లేకుండా ఈ పార్కు నడవదు, కాబట్టి మనం మొదట రోప్‌వే వేయాలి.

వాస్తవం: వేల్స్‌లో, మెర్తిర్ టిడ్‌ఫిల్ అనే పాత బొగ్గు, ఇనుము ఊరి దగ్గర 2013లో బైక్‌పార్క్ వేల్స్ మొదలైంది. లిఫ్టు లేదు. వ్యాన్లు, వెనక సైకిళ్లు పెట్టే ట్రెయిలర్లు, అంతే. జనం రాకపోతే వ్యాను అమ్మేసుకోవచ్చు, కొండ మీద పాతిన స్తంభాన్ని ఎవడు కొంటాడు? అమెరికాలో సైకిళ్ల మీదే బతికే పార్కు కావాలంటే న్యూహ్యాంప్‌షైర్‌లో హైలాండ్ ఉంది, 2006లో తెరిచారు, కానీ అది మూతపడ్డ పాత స్కీ కొండ. అక్కడా మొదటి ఖర్చు వెనకటి స్కీ వాళ్లు పెట్టి వెళ్లిందే.

ఇదంతా విని బ్యాంకాయన టీ డబ్బులిచ్చి వెళ్లిపోయాడు. మావయ్య వదల్లేదు. "అయితే అల్లుడూ, టాటా ఏస్ బండికి రెండు రాడ్లు ఎల్డింగు కొట్టిస్తే సరిపోద్ది కదేటి?" అన్నాడు. సరిపోతుంది, కానీ ముందు మూడు లెక్కలు తెమ్మన్నాను. జూన్ నుంచి అక్టోబరు దాకా మన ఎర్రమట్టి కొండ మీద ఎన్ని రోజులు చక్రం దిగబడకుండా నడుస్తుంది, వైజాగ్ నుంచి ఆదివారం పొద్దున్నే సొంత సైకిలు వేసుకొచ్చేవాళ్లు నిజంగా ఎంతమంది, కాలు విరిగినవాణ్ణి కొండ మీంచి పెద్దాసుపత్రికి చేర్చడానికి ఎంతసేపు పడుతుంది. మొదటి లెక్క కోసం ఒక డైరీ కొన్నాడు. జూన్ రావాలి.