సికింద్రాబాద్ బోర్డు మీద గ్రీకు పేరు

సికింద్రాబాద్ స్టేషన్‌లో దిగినప్పుడల్లా నా కళ్లు ఆ పసుపు బోర్డు మీదికే పోతాయి. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు మీద ఆ ఊరికి ఆ పేరొచ్చింది. మరి నిజాముకు ఆ పేరు ఎక్కడిది? గ్రీకుల అలెక్సాండ్రోస్ నుంచి. అది అరబ్బుల చెవిన పడేసరికి మొదట్లో ఉన్న ‘అల్’ను వాళ్లు తమ భాషలో పేర్ల ముందు చేర్చే ‘అల్’ అనుకున్నారు. దాన్ని పక్కకు తీసేశారు. మిగిలిన దాంట్లో ‘క్స’ కాస్తా ‘స్క’గా తిరగబడి ఇస్కందర్ అయింది. పారశీకం, ఉర్దూల మీదుగా మన దగ్గరికి సికందర్‌గా వచ్చింది.

బడిలో సమాసాన్ని విడదీసినట్టు ఆ గ్రీకు పేరును విడదీసి చూడండి. ‘అలెక్స్’ అంటే అడ్డుపడి కాపాడటం. ‘ఆండ్ర్’ అంటే మగవాడు, నరుడు. నరులను కాచేవాడు అని విగ్రహవాక్యం. ఇంతవరకు చాలామందికి తెలిసిందే. నన్ను ఆపి నిలబెట్టిన సంగతి దీని తర్వాతిది. గ్రీకు ‘అలెక్స్’, సంస్కృత ‘రక్ష్’ ధాతువు ఒకే మూలం నుంచి పుట్టిన అన్నదమ్ములు. గ్రీకు ‘ఆండ్ర్’, సంస్కృత ‘నృ’ కూడా అంతే. రక్ష, నరుడు అని మనం ఎన్నిసార్లు అంటామో లెక్కలేదు. ఆ రెండు మాటలూ గ్రీకు వేషం వేసుకుని ఆ పసుపు బోర్డు మీద కూర్చున్నాయి.

ఈ పేరు వయసూ తక్కువేం కాదు. మాసిడోనియా అలెగ్జాండర్‌కు దాదాపు తొమ్మిది వందల ఏళ్ల ముందే, క్రీ.పూ. 1280 ప్రాంతంలో, నేటి టర్కీ ప్రాంతాన్ని ఏలిన హిట్టైట్ చక్రవర్తి మువతల్లి ఒక చిన్న రాజ్యం పాలకుడితో ఒప్పందం రాయించుకున్నాడు. ఆ పాలకుడి పేరు అలక్సందు, రాజ్యం పేరు విలుసా. విలుసాయే ట్రాయ్ అని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. హోమర్ కావ్యంలో హెలెన్‌ను ఎత్తుకుపోయిన ట్రాయ్ యువరాజు పారిస్‌కు రెండో పేరు అలెక్సాండ్రోసే కావడం ఇక్కడ గుర్తుచేసుకోవాలి.

1874లో ఆగస్ట్ ఫిక్ అనే జర్మన్ పండితుడు గ్రీకు పేర్లన్నిటినీ పోగేసి ఒక సంగతి చూపించాడు. రెండు మాటలు అతికి పేరు కట్టడం గ్రీకుల సొంత అలవాటు కాదు. వైదిక భారతీయులు, ఇరానీయులు, జర్మానిక్ తెగలు, స్లావులు అందరూ అలాగే కట్టారు. వీళ్ల భాషలన్నిటికీ తల్లి అయిన భాష మాట్లాడినవాళ్లే ఆ పద్ధతి మొదలుపెట్టి ఉండాలి. రోమన్లు మాత్రం దాన్ని వదిలేసి ఇంటిపేర్ల వైపు మళ్లారు.

గ్రీకులు అన్నిటికన్నా మక్కువతో వాడిన ముక్కల్లో ‘క్లేస్’ ఒకటి. పెరిక్లేస్, సోఫోక్లేస్, థెమిస్టోక్లేస్, మెగాక్లేస్ పేర్ల చివర ఉన్నది ఇదే. దీని మూలం ‘క్లెఓస్’, అంటే కీర్తి. ఇంకా పాత రూపం ‘క్లెవోస్’. గ్రీకులో ‘క’ ఉన్న చాలా మాటల్లో సంస్కృతంలో ‘శ’ ఉంటుంది. గ్రీకుల ‘దెక’ మనకు ‘దశ’. అదే సూత్రంతో క్లెవోస్ మనకు ‘శ్రవస్’ అవుతుంది. వినడం అనే అర్థమున్న ‘శ్రు’ ధాతువు నుంచి పుట్టింది కాబట్టి కీర్తి అంటే చెవిన పడేది. రావణుడి తండ్రి విశ్రవసుడు, భారతంలో సాత్యకి చేతిలో పోయిన భూరిశ్రవసుడు ఈ కుటుంబం వాళ్లే. భూరిశ్రవసుడికి సరిగ్గా సరిపోయే గ్రీకు పేరు పోలిక్లేస్, మిక్కిలి కీర్తి గలవాడు. పెరిక్లేస్ అంటే చుట్టూ కీర్తి పరచుకున్నవాడు. తెలుగులో మనం ‘పేరు’ అనే ఒక్క మాటతోనే రెండు పనులూ చేస్తాం: బిడ్డకు పేరు పెడతాం, పెద్దయ్యాక వాడు పేరు తెచ్చుకోవాలంటాం. ఈ రెండింటినీ కలిపి ఒక్క సమాసంలో బిగించినవాళ్లు గ్రీకులు.

1952లో మైఖేల్ వెంట్రిస్, అతిపాత గ్రీకును రాసిన లీనియర్ బి లిపిని ఛేదించాక ఈ పోలిక మరింత వెనక్కి వెళ్లింది. గ్రీసులోని పైలోస్ రాజభవనం తగలబడ్డప్పుడు కాలి గట్టిపడి మిగిలిన మట్టి పలకల మీద ఒకడిని ఎతెవొక్లెవెస్ కొడుకుగా చెప్పారు. తర్వాతి గ్రీకులో ఆ పేరే ఎతెఓక్లేస్, నిజమైన కీర్తి గలవాడు. ఋగ్వేదం అయిదో మండలంలో సత్యశ్రవసుడనే పేరు వస్తుంది. ఆ పేరు అర్థమూ అదే, రెండో సగం అదే మాట. రెండు జాతులూ విడిపోయి, ఒకరి ఉనికి ఒకరు మరిచిపోయాక కూడా కొడుకు కోసం ఒకే కోరిక కోరుకున్నారు. ఆ పలకల మీదే హెక్తోర్, అఖిల్లెఉస్ అన్న పేర్లూ ఉన్నాయి, కానీ వీళ్లు వీరులు కారు, పొలాలు, పనుల లెక్కల్లోకి ఎక్కిన మామూలు మనుషులు. క్రీట్ దీవిలోని క్నోసోస్ పలకల్లో దుక్కిటెద్దుల పేర్లు కూడా దొరికాయి. కెలైనోస్ అంటే నల్లోడు, పొదార్గోస్ అంటే తెల్లకాళ్లవాడు. మన రైతు ఎద్దులను పిలిచినట్టే పిలిచారు.

ఇక గుర్రాలు. గ్రీకులో గుర్రం ‘హిప్పోస్’. ఫిలిప్పోస్ అంటే గుర్రాలంటే ప్రాణం పెట్టేవాడు, హిప్పోక్రటేస్ అంటే గుర్రాల బలం గలవాడు. హిప్పోస్‌కూ అశ్వానికీ పోలికేముందని అనిపిస్తుంది. మధ్యలో ఆ పాత పలకలు రాసిన మైసీనియన్ల ‘ఇక్వోస్’ను, లాటిన్ ‘ఎక్వుస్’ను పెట్టి చూస్తే దారి తెలుస్తుంది. ఏథెన్స్ నాయకుడు పెరిక్లేస్ తండ్రి క్సాంథిప్పోస్, అంటే పసుపు ఛాయ గుర్రం. మన పురాణాల్లో ఇక్ష్వాకు వంశంలో హర్యశ్వుడున్నాడు. హరి అంటే పసుపు కలిసిన ఛాయ, కాబట్టి అర్థం అదే. యువనాశ్వుడు, బృహదశ్వుడు కూడా ఆ వంశం వాళ్లే. పచ్చిక కరువైన గ్రీసు కొండనేలల్లో గుర్రాన్ని మేపడమంటే ఏనుగును కట్టేసుకున్నంత ఖర్చు. క్రీ.పూ. 594 ప్రాంతంలో సోలోన్ ఏథెన్స్ పౌరులను ఆస్తిని బట్టి నాలుగు తరగతులు చేస్తే, రెండో తరగతికి గుర్రపువాళ్లు అనే పేరే పెట్టాడు. కాబట్టి పేరులో గుర్రం ఉంటే ఇంట్లో సిరి ఉన్నట్టు, లేదా ఉండాలని ఆశపడుతున్నట్టు.

ఆ ఆశను క్రీ.పూ. 423లో ఏథెన్స్ రంగస్థలం మీద ఎగతాళి చేశారు. అరిస్టోఫనేస్ ‘మేఘాలు’ నాటకంలో ఒక పల్లెటూరి రైతు గొప్పింటి పిల్లను చేసుకుంటాడు. కొడుకు పుడతాడు. క్సాంథిప్పోస్ అనో కల్లిప్పిదేస్ అనో గుర్రం కలిసిన పేరు పెట్టాల్సిందేనని భార్య పట్టుబడుతుంది. తన తండ్రి పేరు మీద ఫెయిదోనిదేస్ అని పెడదామంటాడు రైతు. అందులో ఉన్నది పొదుపు. కొన్నాళ్లు కీచులాడుకుని చివరికి రాజీపడి ఫెయిదిప్పిదేస్ అని పెడతారు. పొదుపు, గుర్రం, రెండూ ఒక్క పేరులోకి వచ్చాయి. పొదుపుగా గుర్రాన్ని మేపడం ఎక్కడైనా జరిగే పనేనా? కొడుకు పందెపు గుర్రాల పిచ్చిలో తండ్రిని అప్పుల్లో ముంచుతాడు. నాకు ఈ సన్నివేశం ఎంత నచ్చుతుందో చెప్పలేను. గ్రీకు పేర్లు ఎలా తయారవుతాయో ఏ వ్యాకరణమూ ఇంత సులువుగా చెప్పలేదు. ముక్కలకు అర్థం ఉంటుంది. అతికిన మొత్తానికి ఉండొచ్చు, లేకపోవచ్చు. ఇద్దరు పెద్దల నుంచి చెరో ముక్క తెచ్చి బిడ్డలో కలపడమే అసలు ఉద్దేశం.

అలాంటి అతుకులు చరిత్రలోనూ ఉన్నాయి. ఏథెన్స్ సేనాని థెమిస్టోక్లేస్ తండ్రి పేరు నెఓక్లేస్, కొత్త కీర్తి గలవాడు. కొడుకు పేరులో కీర్తి అలాగే నిలిచింది, దాని ముందుకు ధర్మం అనే అర్థమున్న ‘థెమిస్’ వచ్చి చేరింది. పెద్దకొడుక్కి తాత పేరు పెట్టడమైతే మరీ మామూలు. క్సాంథిప్పోస్ కొడుకు పెరిక్లేస్, పెరిక్లేస్ పెద్దకొడుకు మళ్లీ క్సాంథిప్పోస్. అరిస్టాటిల్ తండ్రి నికోమాఖోస్, కొడుకూ నికోమాఖోసే. మన ఇళ్లలో తాతగారి పేరు మనవడికి పెట్టి, పెద్దాయన పేరు పెట్టి తిట్టకూడదని పిల్లవాడికి ముద్దుపేరు కనిపెట్టే తల్లులకు ఇదంతా కొత్త కాదు.

ఒకే పేరు ఊళ్లో పదిమందికి ఉంటే ఫలానావాడని ఎలా చెప్పాలి? ఏథెన్స్‌లో తండ్రి పేరు, పేట పేరు జోడించేవారు. ఎవరినైనా పదేళ్లు ఊరి నుంచి వెలివేయాలనుకుంటే జనం కుండపెంకు మీద వాడి పేరు గీసి వేసేవారు. అక్రోపోలిస్ ఉత్తర వాలులో ఒక బావిలో థెమిస్టోక్లేస్ పేరున్న పెంకులు సుమారు 190 దొరికాయి. వాటి మీది రాత చూస్తే రాసింది పద్నాలుగు చేతులే. ఎవరో ముందుగానే రాయించి పంచడానికి సిద్ధం చేసుకున్నారన్నమాట. కీర్తి అని అర్థమున్న పేరు వెలి పెంకు మీదికి ఎక్కడం ఆ మనిషి రాత.

దేవుడి పేరు కలిపిన పేర్లు గ్రీసులో కాలం గడిచేకొద్దీ పెరిగాయి. దియొనీసియోస్, దెమెత్రియోస్, అపొల్లోనియోస్ అన్నవి శాసనాల్లో మరీ విరివిగా కనిపించే పేర్లలోవి. హెరోదొతోస్ అంటే హేరా ఇచ్చినవాడు. దియొదొతోస్ అంటే జెయస్ ఇచ్చినవాడు, మనకు దేవదత్తుడు. ఈ పేరు గలవాడే క్రీ.పూ. 250 ప్రాంతంలో నేటి అఫ్గానిస్తాన్ వైపున్న బాక్ట్రియాను సెల్యూకస్ వంశం చేతుల్లోంచి విడదీసి సొంత రాజ్యం చేసుకున్నాడు. ఆ గ్రీకు రాజ్యాల నుంచే ఇటువైపు మనుషులూ, వాళ్లతో పేర్లూ వచ్చాయి. విదిశ దగ్గర బేస్‌నగర్‌లో వాసుదేవుడికి గరుడధ్వజం నిలిపిన తక్షశిల దూత పేరు హేలియొదోర, అంటే హీలియోస్ ఇచ్చినవాడు, మన లెక్కన సూర్యదత్తుడు. తనను భాగవతుడిగా చెప్పుకున్నా పేరు మార్చుకోలేదు. ఆయన్ను దూతగా పంపిన రాజు పేరు అంతియల్కిదాస్.

అందరి పేర్లూ ఇంత ఠీవిగా ఉండవు. సిమోస్ అంటే చప్పిడి ముక్కువాడు, స్ట్రాబోన్ అంటే మెల్లకన్నువాడు, ఫ్రీనోస్ అంటే గోదురుకప్ప. వెడల్పు అనే అర్థం నుంచి వచ్చిన ప్లాతోన్ అన్నది ముద్దుపేరేనని, ఆయన అసలు పేరు తాతగారిదైన అరిస్టోక్లేస్ అని పాతవాళ్లు రాశారు. మనం ప్లేటో అని పిలిచేది ఈయననే.

రోమన్ల కాలపు ఈజిప్టు పపైరస్ కాగితాల్లో కొప్రెఉస్ అనే పేరు తరచుగా కనిపిస్తుంది. కొప్రోస్ అంటే పెంట. పెంటకుప్ప మీద పారేసిన పసికందును ఎత్తుకొచ్చి పెంచుకుంటే అలా పిలిచేవారని ఒక వివరణ. కానీ తల్లిదండ్రుల పేర్లు నమోదైనవాళ్లలోనూ ఆ పేరుంది కాబట్టి దిష్టి తగలకుండా పెట్టారన్నది రెండో వివరణ. పెంటయ్య, పెంటమ్మ అనే పేర్లు విన్న తెలుగువాళ్లకు ఈ రెండోది ఒకరు చెప్పక్కర్లేదు. వరసగా బిడ్డలు పోతుంటే, దక్కిన బిడ్డను పెంటకుప్ప మీద పెట్టి ఎత్తుకుంటారు. తవుడు ఇచ్చి కొన్నట్టు చేసి తవిటయ్య అంటారు. చావు కళ్లకు ఈ బిడ్డ చవకగా కనబడాలని ఆ తల్లి తాపత్రయం. పసిబిడ్డల్లో ఎక్కువమంది ఏడో రోజుకు ముందే పోతారని, బతుకుతారనే నమ్మకం అప్పుడే కుదురుతుంది కాబట్టి ఆ రోజున పేరు పెడతారని అరిస్టాటిల్ రాశాడు. పురిటి మంచం పక్కన కూర్చున్న ఎవరికైనా ఆ వాక్యం చదివితే గొంతు పట్టేస్తుంది.

బానిసలకు పేరు ఎంచుకునే హక్కే లేదు. ఏ దేశం నుంచి కొనుక్కొస్తే ఆ పేరే పెట్టేవారు: లీదోస్, సీరోస్, గెతాస్. లేకపోతే యజమాని కోరుకునే గుణమే పేరయ్యేది. ఒనేసిమోస్ అంటే ఉపయోగపడేవాడు. బైబిల్‌లో పౌలు ఫిలేమోనుకు రాసిన చిన్న ఉత్తరం నిండా అలాంటి బానిస ఒనేసిము గురించే. మునుపు నీకు పనికిరానివాడు, ఇప్పుడు నీకూ నాకూ పనికొచ్చేవాడని ఆ పేరు మీదే మాట కలుపుతాడు పౌలు. మన ఫిలిప్పులు, అంద్రెయలు, స్తెఫనులు, తిమోతీలు ఆ గ్రంథం ద్వారానే తెలుగు ఇళ్లలోకి వచ్చారు. స్తెఫనోస్ అంటే గెలిచినవాడి తలకు చుట్టే దండ. తిమొథెఓస్ అంటే దేవుడిని గౌరవించేవాడు.

కానీ గ్రీకు పేర్లు మన నేలకు రావడం అంతకంటే చాలా ముందే జరిగింది. కళింగ యుద్ధం తర్వాత అశోకుడు చెక్కించిన పదమూడో శిలాశాసనంలో అయిదుగురు యవన రాజులున్నారు. నేటి పాకిస్తాన్‌లోని షాబాజ్‌గఢీ బండ మీద వాళ్లు అంతియోక, తురమయ, అంతికిని, మక, అలికసుదరో. తురమయ అంటే ఈజిప్టు టాలెమీ. గ్రీకులో అది ప్తొలెమైయోస్, యుద్ధం అన్న మాట నుంచి వచ్చింది. అలికసుదరో అంటే అలెక్సాండ్రోస్. ఆ వరసలోని పద్నాలుగు శాసనాలూ చెక్కించిన చోట్లలో మన కర్నూలు జిల్లా ఎర్రగుడి ఒకటి. సికందర్ జా పుట్టడానికి రెండు వేల ఏళ్ల ముందు, గుత్తికి కాస్త దూరంలో, ఎండకు కాగే బండల మీద ఎవరో శిల్పి ఉలి పట్టుకుని, తాను ఎన్నడూ చూడని దేశాల రాజుల పేర్లను ప్రాకృతం నోటికి తిరిగేలా మలుచుకుంటూ ఒక్కో అక్షరం చెక్కుతూ కూర్చున్నాడు.