పేరు కింద చిన్న అక్షరాలు: ఆత్మాన్వేషణ పుస్తకాల తగాదా వెనక కథ

2025 జూలైలో బ్రిటన్ ఆదివారం పత్రిక ‘ది అబ్జర్వర్’ ఒక పరిశోధన కథనం వేసింది. ఇల్లు పోగొట్టుకున్న దంపతులు 630 మైళ్ల సముద్రతీర కాలిబాట పట్టి, నడుస్తూ నడుస్తూ మళ్లీ బతుకు మీద ఆశ తెచ్చుకున్న వైనం చెప్పే పుస్తకం ‘ది సాల్ట్ పాత్’. అందులోని ముఖ్యమైన విషయాల మీద ఆ కథనం అనుమానాలు లేవనెత్తింది. రచయిత్రి వాటిని ఖండించారు. అక్కడ ఎవరి మాట నిజమో తేల్చడం ఈ కథనం పని కాదు. దాంతో మళ్లీ లేచిన పాత ప్రశ్న గురించే ఇక్కడ మాట్లాడుకుందాం. ‘నన్ను నేను వెతుక్కుంటూ వెళ్లాను’ అని రాసినప్పుడు జరిగింది జరిగినట్టే రాయాలా? చదివాక నా జీవితం మారింది, ఇక లెక్కలెందుకు అంటారు కొందరు. నిజమని నమ్మబట్టే కదా మారింది అంటారు ఇంకొందరు.

తీర్థయాత్రల కాలం నుంచి ఈ రచనలు ఎలా పెరిగాయో తెలిసిందే, అది వదిలేద్దాం. ఇవాళ్టి తగాదాకు మూలం 1968లో ఉంది. ఆ ఏడాది యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా ప్రెస్ ఒక పుస్తకం తెచ్చింది. పేరు ‘ది టీచింగ్స్ ఆఫ్ డాన్ హువాన్’. ఆ పేరు కింద ఇంకో మాట ఉంది: ‘ఎ యాకీ వే ఆఫ్ నాలెడ్జ్’. అంటే యాకీల జ్ఞానమార్గం. యాకీలంటే ఉత్తర మెక్సికోలోని సొనోరా ప్రాంతపు ఆదివాసులు. రాసింది లాస్ ఏంజిలిస్‌లో మానవశాస్త్రం చదువుతున్న విద్యార్థి కార్లోస్ కాస్టనేడా. 1960 వేసవిలో అరిజోనా సరిహద్దు ఊళ్లో, బస్సుల స్టేషన్‌లో ఒక యాకీ ముసలాయన తారసపడ్డాడనీ, ఆయనే తనకు గురువయ్యాడనీ చెప్పాడు.

మొదట్లోనే ఒక ఘట్టం ఉంటుంది. ఈ వసారాలో నీ చోటేదో నువ్వే కనుక్కో అంటాడు గురువు. శిష్యుడు రాత్రంతా నేల మీద దొర్లుతాడు, పాకుతాడు, మూలమూలా కూర్చుని చూస్తాడు. ఏమీ తెలియక, అలసిపోయి ఒకచోట నిద్రపోతాడు. తీరా లేచేసరికి, దొరికిందిగా అంటాడు గురువు. వెతుకులాట గురించి ఇంత బాగా రాసినవాళ్లు తక్కువ. ఆ విషయంలో నాకు రెండో మాట లేదు.

అయితే ఇలాంటి వెతుకులాటనే జర్మన్ రచయిత హెర్మన్ హెస్సే 1922లో ‘సిద్ధార్థ’గా రాశాడు. 1911లో తూర్పు దేశాలకు బయల్దేరిన హెస్సే సిలోన్, సుమత్రా చూసి, భారతదేశంలో తిరగకుండానే వెనక్కి వెళ్లిపోయాడు. అయినా మోసం చేశాడన్న తగాదా రాలేదు. ఆయన కూడా పేరు కింద ఒక మాట రాసుకున్నాడు: ‘ఒక భారతీయ కావ్యం’. కావ్యం అన్నాక ఊరు చూశావా, తేదీ ఏది అని ఎవరడుగుతారు?

కాస్టనేడా పుస్తకాలకు ఆ దారి తెరిచే ఉంది. 1972లో మూడో పుస్తకం ‘జర్నీ టు ఇక్స్‌ట్లాన్’ వచ్చినప్పుడు నవలా రచయిత్రి జాయిస్ కరోల్ ఓట్స్ న్యూయార్క్ టైమ్స్ పుస్తక విభాగానికి ఉత్తరం రాశారు. ఇవి నిజంగా జరిగినవేనా అని అడిగారు. హెస్సే తరహాలో సాగిన గొప్ప కళాసృష్టిగా తనకు కనిపిస్తున్నాయన్నారు. అది నింద కాదు, మెచ్చుకోలే. దాన్ని ఒప్పుకుని ఉంటే కథ అక్కడితో ముగిసేది. మరుసటి ఏడాది, 1973లో, దాదాపు అదే పుస్తకానికి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పీహెచ్‌డీ ఇచ్చింది. నా దృష్టిలో అసలు మలుపు ఇదే. ఒక సాధకుడి కథ ఆ రోజు నుంచి రుజువైన పరిశోధన అయిపోయింది.

అప్పటికి పదిహేనేళ్ల ముందే ఒక హెచ్చరిక ఉంది. 1956లో లండన్‌లో ‘ది థర్డ్ ఐ’ అనే పుస్తకం వచ్చింది, టిబెట్ లామా ఆత్మకథ అని. పబ్లిషర్ ఫ్రెడ్రిక్ వార్‌బర్గ్ ఒకసారి ఆ లామాను టిబెటన్‌లో పలకరిస్తే ఆయనకు అర్థం కాలేదు. జపాన్ వాళ్ల చిత్రహింసలప్పుడు రహస్యాలు బయటపడకుండా తన భాషను తానే మరిచిపోయేట్టు చేసుకున్నానని చెప్పాడు. రాతప్రతి చూసిన టిబెట్ నిపుణులు ఇది నిజం కాదన్నారు. బాధ్యత రచయితదేనని ముందుమాట రాసి అచ్చేశారు. 1958లో బయటపడిందేమిటంటే, ఆయన ఇంగ్లండ్‌లోని డెవన్‌కు చెందిన ప్లంబర్ కొడుకు సిరిల్ హోస్కిన్, టిబెట్ ముఖం చూసినవాడు కాదు. అక్కడ పండితులు కాదన్నారు. కాలిఫోర్నియాలో పండితులే సంతకం పెట్టారు. అందుకే రెండోది ఎక్కువ బాధ కలిగిస్తుంది.

కాస్టనేడా పక్షం వాదన కూడా చెప్పాలి. 1973 మార్చిలో టైమ్ పత్రిక ఆయన మీద ముఖచిత్ర కథనం వేసింది. బ్రెజిల్‌లో 1935లో పుట్టానని చెప్పుకున్న మనిషి పెరూలో 1925లో పుట్టినట్టు తేల్చింది. లెక్కలతో నా జీవితాన్ని రుజువు చేయమనడం, మాంత్రికవిద్యను సైన్స్‌తో రుజువు చేయమన్నట్టుంది అన్నది ఆయన జవాబు సారాంశం. గురువు ఉన్నాడా లేడా అన్నది ముఖ్యం కాదు, చెప్పిన మాట ముఖ్యం అని అభిమానులు ఇప్పటికీ అంటారు.

రచయిత రిచర్డ్ డి మిల్ ఈ జవాబుతో ఊరుకోలేదు. 1976లో ‘కాస్టనేడాస్ జర్నీ’, 1980లో ‘ది డాన్ హువాన్ పేపర్స్’ తెచ్చి మొదటి పుస్తకాన్నీ మూడో పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టాడు. రెండూ ఒకే కాలం గురించి చెబుతాయి, కానీ ఆ కాలాలు కలవవు. ఒకదాంట్లో తెలిసిన సంగతి, తర్వాతి తేదీ వేసిన ఇంకోదాంట్లో ఇంకా తెలియదు. గురువు దగ్గర ఉన్నప్పుడు రాసుకున్నానన్న ఫీల్డ్ నోట్స్ మొత్తంగా ఎవరి కంటా పడలేదు.

యాత్రాగ్రంథంలో కల్పన ఉండకూడదా అంటే, ఉండొచ్చు. జపాన్ కవి బషో 1689లో నడిచిన ఉత్తరదేశ యాత్ర గ్రంథం జపాన్‌లో ప్రాణప్రదమైనది. వెంట నడిచిన శిష్యుడు సోరా డైరీ 1943లో అచ్చయింది. చూస్తే తేదీలు కలవలేదు. ఇచిబురి సత్రంలో ఇద్దరు వేశ్యలు అదే కప్పు కింద పడుకున్నారని బషో హైకు చెప్పి, సోరాకు వినిపిస్తే రాసుకున్నాడంటాడు. సోరా డైరీలో ఆ రాత్రి వేశ్యలూ లేరు, హైకూ లేదు. బషో విలువ వీసమెత్తు తగ్గలేదు. ఆయన ఏ జాతి తరఫునా మాట్లాడలేదు, ఏ పట్టా కోసమూ ఆ రాత్రిని చూపించలేదు.

కాస్టనేడా చూపించాడు. ఈ భాగం మీద చర్చ ఎప్పుడూ తక్కువే, అందుకే ఇక్కడ ఆగుతున్నాను. యాకీలను దశాబ్దాలుగా అధ్యయనం చేసిన మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ స్పైసర్ 1969లోనే మొదటి పుస్తకాన్ని సమీక్షించాడు. రచనను మెచ్చుకుంటూనే, ఇందులో యాకీలకు సంబంధించింది దాదాపు ఏమీ లేదన్నాడు. పుస్తకంలో గురువు తినిపించే పెయోటీ, అంటే మత్తెక్కించే ఒక ఎడారి మొక్క, తినడం వాళ్ల ఆచారం కాదు. వాళ్లది జింక నాట్యం, ఈస్టర్ ముందు నలభై రోజుల క్రతువులు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మెక్సికో ప్రభుత్వం వాళ్లను సొనోరా నుంచి వేల సంఖ్యలో యుకటాన్ తోటలకు తరిమేసింది. పారిపోయి అరిజోనా చేరినవాళ్ల సంతతి, పాస్కువా యాకీలు, అమెరికా ప్రభుత్వ గుర్తింపు కోసం పోరాడి 1978లో సాధించుకున్నారు. అవే సంవత్సరాల్లో లక్షలమంది పాఠకులకు యాకీ అంటే మాంత్రిక మొక్కలు తినిపించే ముసలాయన.

కాస్టనేడా 1998 ఏప్రిల్‌లో చనిపోయాడు. ఆయనకు సన్నిహితంగా మెలిగిన కొందరు మహిళలు ఆ తర్వాత కనిపించకుండా పోయారు. వాళ్లలో ఒకరి అస్థికలు 2003లో డెత్ వ్యాలీ ఎడారిలో దొరికాయి, ఎవరివో తేలింది 2006లో. మొదటి పుస్తకాన్ని అచ్చేసిన యూనివర్సిటీ ప్రెస్ 2008లో నలభయ్యేళ్ల ఎడిషన్ తెచ్చింది. అట్ట మీద పేరు కింద ఆ మాట అలాగే ఉంది: యాకీల జ్ఞానమార్గం.